గంధకం

పీణ్యాలో మా ల్యాబు కిటికీ తెరవరు.
తెరిస్తే అగరబత్తుల షెడ్డు పొగ,
పక్కన ఇనుము కోసే వాసన
లోపలికొచ్చి నా చుక్కల లెక్క తప్పిస్తాయి.
కాగితపు పుల్లల కొసన పండ్లు కాయిస్తుంటాను నేను.
మొన్న మామిడి, అంతకు ముందు లిచీ,
ఈ నెలంతా గ్రేప్‌ఫ్రూట్.

సబ్బు కంపెనీవాళ్ళు రాసి పంపారు:
చల్లగా, చురుగ్గా, పొద్దున్నే లేచినట్టుండాలి.
చేదు వద్దు.
ఆఖరి మాట కింద రెండు గీతలు.

నిజం చెప్పాలంటే ఆ పండు నేను తిన్నది ఒక్కసారి,
ఎవరి రిసెప్షన్‌లోనో, టూత్‌పిక్‌కు గుచ్చి,
చెర్రీకీ జున్నుముక్కకీ మధ్య.
మా తునిలో ఉన్నది దాని తల్లివైపు పెద్దావిడ, పంపరపనస.
తొక్క ఒలిచి టోపీలా పెట్టుకునేవాళ్ళం.
సాయంత్రానికి జుట్టంతా జిగట, చీమలు.

నారింజ తొక్క నూనె, కాస్త నిమ్మ,
పచ్చి ఆకుకాడ విరిచినట్టుండే పులుపొకటి.
ఎంత కలిపినా నారింజే వస్తుంది.
దాన్ని గ్రేప్‌ఫ్రూట్ చేసేది బీరువా అడుగున
సంచిలో సంచి చుట్టి, రెండు మూతలు బిగించిన
గంధకపు సీసా.
లీటరులో చుక్క.
ఆ లీటరులోంచి చుక్క, మళ్ళీ లీటరులో.
అందులోంచి చుక్క.
అప్పుడు తొక్క చిట్లి కంట్లో పడ్డంత నిజం.
ఇంకొక్కటి జారిందా, పిల్లి.
మెట్లకింద, వానాకాలం, మగపిల్లి.
గంధానికీ గంధకానికీ మధ్య
ఒక్క 'క' ఉంది.
దాన్ని కొలిచే పైపెట్టు నా చేతిలో ఉంది.

సీసాలు కడిగే మునిరత్నమ్మది దేవనహళ్ళి.
విమానాలు దిగేచోట వాళ్ళ తోట ఉండేదట,
ఇప్పుడు ఇంటి వెనక ఒక్క చక్కోత చెట్టు.
తొమ్మిదో ప్రయత్నం ఆమె ముక్కు దగ్గర పెట్టాను.
తడిచేతులు పైటకు తుడుచుకుని,
మాలాగా కళ్ళు మూసుకోకుండా,
ఒక్కసారి పీల్చి పుల్ల తిరిగిచ్చింది.
"వాసన బాగుండాదిమ్మా. కాయ లేదు."
"అంటే?"
"తొక్కుండాది, తొనుండాది. నడుమ దూదేదీ?"

ఆ తెల్లదూదికి వాసనుండదు.
నాలుగేళ్ళు చదివి నేర్చుకున్న సంగతి అది.
మర్నాడు కాయ తెచ్చి, గోరుతో గీరి
ఒక పెచ్చు నా అరచేతిలో పెట్టింది.
నిజమే, వాసన లేదు.
మధ్యాహ్నం డబ్బా తెరిచి కలుపుకుంటే
పెరుగన్నం చేదెక్కింది.

పది. పదకొండు.
వట్టివేరు వేశాను, ఎండుచెక్క వేశాను,
తడి సున్నపుగోడ లాంటిది ఒకటి వేశాను.
పద్నాలుగు పారబోశాను.
పదిహేడుకి మునిరత్నమ్మ ఏమీ అనలేదు.
పుల్ల జాకెట్లో దోపుకుని
సీసాల దగ్గరికి వెళ్ళిపోయింది.

సబ్బువాళ్ళు తొమ్మిదే తీసుకున్నారు.
ఇంకాస్త తీపి కలపమన్నారు.
కలిపాను.

నిన్న సాయంత్రం పదిహేడు మణికట్టుకి రాసుకుని మెట్రో ఎక్కాను.
గోరగుంటెపాళ్యలో నిమ్మ దిగిపోయింది.
యశ్వంతపురలో నారింజ.
జనం తోసుకొచ్చి, పట్టుకున్న కమ్మీ వెచ్చబడి,
మిగిలింది మిగిలినట్టు పైకి లేచింది.
తర్వాతి నిలుపు శాండల్ సోప్ ఫ్యాక్టరీ అని
మైకు మూడు భాషల్లో చెబుతోంది.
తల్లి ఒళ్ళో పిల్ల, నాలుగేళ్ళుంటాయేమో,
నా చేతివైపు ముక్కు చాచి
"అమ్మా, బెక్కు!" అని అరిచింది.
ఒళ్ళోంచి జారి, సీటు కింద వంగి,
చెప్పుల మధ్య, సంచుల మధ్య
పిల్లికోసం వెతికింది.

ఎక్కువైంది, అర చుక్క.
అనుకున్నాను గానీ చెయ్యి తీయలేదు.

దొరకలేదు దానికి.
లేచి నిలబడి నన్ను ఎగాదిగా చూసి,
ముక్కు ముడిచి,
మళ్ళీ పీల్చింది.